జుట్టుతో కట్టిన విల్లు

మా అక్క కూతురు ఈ మధ్య నాకో కాగితం పంపి, “పిన్నీ, నువ్వు క్లాసులో చెప్పే పాటతో ఒక ఆయుధం తయారు చేశాను, ఎలా ఉందో చెప్పు” అంది. అది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట కోసం. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ అందరూ కలిసి ఒక కథ నడిపిస్తారు. మంత్రాలూ రాక్షసులూ ఉన్న ఆ లోకంలో ఏ ఆయుధం ఏం చెయ్యగలదో ముందే నియమాలుగా రాసి పెట్టుకుంటారు. పిల్లల ఆటే కదా అని కాగితం మడిచి పెట్టబోయి ఆగిపోయాను. పాటని ఆయుధంగా మార్చడమంటే ఆ పాటకి వ్యాఖ్యానం రాయడమే. పాటలో శక్తి ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది, ఎవరి మీద పనిచేస్తుంది అన్నవి తేల్చి చెప్పాలి. విమర్శకులం మనం చాలాసార్లు దాటవేసే ప్రశ్నలివి.

ఆ పాట స్కాట్లండ్, ఉత్తర ఇంగ్లండ్ ప్రాంతాల్లో పాడుకున్న ‘ట్వా సిస్టర్స్’ అనే జానపద గాథ. ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ. 19వ శతాబ్దం చివర ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ కూర్చిన 305 గాథల సంకలనంలో ఇది 10వది. పాఠాంతరాలు చాలా ఉన్నాయి. నేను పాఠం చెప్పే రూపంలో ఒక యువకుడు అక్కకి కానుకలిస్తాడు, మనసు మాత్రం చెల్లెలి మీద పెట్టుకుంటాడు. అక్క చెల్లెల్ని నీటి ఒడ్డుకి తీసుకెళ్ళి తోసేస్తుంది. శవం కొట్టుకుపోయి పిండిమర దగ్గర తేలుతుంది. అటుగా వచ్చిన వాయిద్యకారుడు ఆమె రొమ్ము ఎముకతో హార్ప్ చేసి, ఆమె జుట్టునే తీగలుగా బిగిస్తాడు. రాజుగారి కొలువులో ఆ వాయిద్యం ఎవరూ మీటకుండానే పలికి హంతకురాలెవరో చెబుతుంది.

పద్యాల్లోంచీ పాటల్లోంచీ ఆయుధాలు తీసుకోవడం ఈ ఆటకి కొత్త కాదు. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల ఆట 1974లో వెలువడింది. 1975 నాటికే అందులో ‘వోర్పల్’ ఖడ్గం చేరింది. ఆ మాట లూయిస్ కారోల్ 1871లో వేసిన పుస్తకంలోని ‘జాబర్‌వాకీ’ పద్యానిది. అక్కడ ఒక కుర్రాడు ఆ కత్తితో వింతమృగం తల నరికి ఇంటికి తెస్తాడు. 2014 నాటి నియమాల్లో కూడా, ఇరవై ముఖాల పాచిక మీద 20 పడితే ఆ కత్తి దెబ్బకి తల తెగుతుంది. ఆ పద్యం ఇన్నాళ్ళు బతికింది పుట్టీపుట్టని మాటలతో చెలగాటం వల్ల. ఆటలోకి వచ్చింది మాత్రం తెగిన తల. ఇదే ఆట 1978 నియమాల పుస్తకంలో మగ యోధుడి బలం 18 మీద మరో నూరు మెట్లు ఎక్కవచ్చు, ఆడ యోధురాలి బలం 50వ మెట్టు దగ్గర ఆగిపోవాలి. 1989లో వచ్చిన రెండో కూర్పులో ఆ గీత తీసేశారు. ఆయుధమంటే నరికేదే అన్న ఊహ మాత్రం అంత తేలిగ్గా పోలేదు.

మా పిల్ల కాగితం మీదా అదే ఊహ. ఎముకతో విల్లు, జుట్టుతో వింటినారి. వదిలిన ప్రతి బాణమూ పాడుతుంది. తోడబుట్టినవాళ్ళకి ద్రోహం చేసినవాళ్ళకి తగిలితే గాయం రెట్టింపు. పాటకి ఎంతో విధేయంగా ఉంది. నన్ను ఇబ్బంది పెట్టింది ఆ విధేయతే.

చచ్చినా ఆ పిల్ల నోరు మూయించలేకపోయారు అని నేను ఏళ్ళ తరబడి క్లాసులో చెబుతూ వచ్చాను. ఆ ఎముక తీసినవాడు ఎవర్ని అడిగి తీశాడు అని ఒక్కసారీ అడగలేదు. ఆమెకి గొంతు రావడానికి ముందు ఆమె వస్తువు కావాల్సి వచ్చింది. విల్లు చేస్తే ఇంకా ఘోరం, ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ కోసం చచ్చిన పిల్ల పదేపదే చంపాలి.

రెండోది, ఆ గొంతు ఎవరి పేరు చెబుతుందన్నది. అక్క పేరొక్కటే. ఒకరికి ఉంగరం ఇచ్చి ఇంకొకరిని కోరుకున్నవాడు గాథలోంచి నిర్దోషిగా నడిచి వెళ్ళిపోతాడు.

ఈ సంగతి నాకు ఇంత ఆలస్యంగా ఎందుకు తట్టిందో చెప్పాలి. అక్కని చూడడానికి పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు ఇంటికెళ్ళి, చిన్నమ్మాయిని ఇస్తారా అని కబురు పంపారు. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. నాన్న కుదరదన్నారు, ఆ సంబంధం అక్కడితో పోయింది. అక్క మాత్రం ఏడాది పాటు నాతో సరిగా మాట్లాడలేదు. “కాఫీలు పట్టుకొచ్చింది నువ్వే కదా” అంది ఒకసారి. ఇద్దరు ఆడపిల్లల్ని పక్కపక్కన పెట్టి బేరం చూసుకున్నవాళ్ళ మీద మా ఇద్దరిలో ఎవరికీ కోపం రాలేదు. మా దగ్గరున్న కోపమంతా ఒకరి మీద ఒకరం ఖర్చుపెట్టుకున్నాం.

ఇదేమీ మా పిల్లకి చెప్పలేదు. “నీ విల్లు ఆ అబ్బాయి మీద ఎందుకు పనిచెయ్యదే?” అని మాత్రం అడిగాను. కాసేపు ఆలోచించి, “నీళ్ళలో పడేటప్పుడు ఆ అమ్మాయి చూసింది అక్క చేతులే కదా పిన్నీ” అంది. అప్పుడు ఆటలోని ఒక మంత్రం గురించి చెప్పింది. శవాన్ని ఐదు ప్రశ్నలు అడగనిచ్చే మంత్రమది. బతికుండగా తెలిసిందే శవానికి తెలుస్తుంది, అడిగేవాళ్ళు దానికి శత్రువులైతే నిజమే చెప్పాలన్న నిర్బంధమూ లేదు. సాక్ష్యం గురించి ఇంత జాగ్రత్తగా రాసిన నియమం ఆ ఆటలో ఉంటుందని నేననుకోలేదు. హార్ప్ అబద్ధం చెప్పలేదు. తనకి తెలిసినంత మేరకే చెప్పింది. అక్క చేతుల వెనక ఏముందో దానికి తెలిసే వీల్లేదు. బాధితురాలి మాట నమ్మడం ఒక పని, మిగతా కథ వెతకడం ఇంకో పని. మొదటిది చేసి రెండోది వదిలేసినచోట పితృస్వామ్యం హాయిగా తప్పించుకుంటుంది.

వారం తర్వాత కాగితం మళ్ళీ వచ్చింది. బాణాలు లేవు. గాయం లెక్క రాసేచోట సున్నా ఉంది. నారి మీటే ముందు ఆమెని అనుమతి అడగాలి, ఆమె కాదనవచ్చు. ఐదు జవాబులయ్యాక నారి తెగిపోతుంది, ఎముకని మట్టిలో పెట్టాలి. మిగిలింది ఆడేవాళ్ళే తిరిగి తెలుసుకోవాలి. దీన్ని ఎవరు మోసుకు తిరుగుతారని స్నేహితులు నవ్వారట. వాళ్ళ నవ్వులో న్యాయముంది, చంపనిదాన్ని ఆయుధం అనడం కష్టమే. చచ్చినవాళ్ళ అనుమతి కూడా మనం రాసుకునే కల్పనే. అయినా నేను చదివిన వ్యాఖ్యానాల్లో ఆ గాథని ఇంత శ్రద్ధగా చదివినవి ఎక్కువ లేవు.

నాకు మిగిలిన అసంతృప్తి ఒకటే. “మరి అక్కని ఐదు ప్రశ్నలు ఎవరు అడుగుతారు?” అన్నాను.

“ఆవిడ బతికే ఉందిగా పిన్నీ, దానికి మంత్రమెందుకు?” అంది.

ఈ వ్యాసం అచ్చుకి పంపే ముందు అక్కకి చదివి వినిపించాను. ఇందులో ఉన్నది తన పెళ్ళిచూపులు కూడా. అంతా విని, ఉండనీ అంది. కాఫీల మాట మాత్రం తను అనలేదట, అన్నది అమ్మట. నాకు గుర్తున్నది అలాగే ఉంచి, తను చెప్పింది ఇక్కడ రాస్తున్నాను.