ఆంధ్రుల సాంఘిక చరిత్ర - కావ్యసాక్ష్యము

సురవరము ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడినది. కేంద్ర సాహిత్య అకాడమి తెలుఁగునకు మొట్టమొదట నిచ్చిన పురస్కారము 1955లో దీనికే లభించెను. గ్రంథకర్త 1953లోనే కీర్తిశేషులైరి. రాజుల వంశావళులను వెనుకకుఁ ద్రోచి, జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏయాటలాడిరి, ఏదేవతకు మ్రొక్కిరి యని తూర్పు చాళుక్యుల కాలము మొదలు ఇరువదవ శతాబ్ది యారంభమువఱకు విచారించిన గ్రంథమిది. శాసనములును, యాత్రికుల వ్రాఁతలును ఇందు వినియోగింపఁబడినను వెన్నెముక మాత్రము కావ్యములే. కవి చెప్పినదెల్లఁ గన్నదేనా యను సందేహ మిచటనే పుట్టును.

మన ప్రబంధములలో అష్టాదశవర్ణనలు విధ్యుక్తములు. మేడలు చుక్కలనంటని పురము లేదు. అట్టి పద్యమునుబట్టి యొకయూరి యిండ్లయెత్తు నిర్ణయించుట హాస్యాస్పదము. ఈగ్రంథకర్త యాపొరపాటు సాధారణముగాఁ జేయలేదు. పండితులు రెండవవరుసఁ గూర్చుండఁబెట్టిన సింహాసనద్వాత్రింశిక, శుకసప్తతి, హంసవింశతి యిందు ముందువరుసకు వచ్చినవి. లక్షణ మడుగని సంగతిని కవి యెచటఁ జెప్పునో యచటనే యాతఁడు సాక్షి. ఆముక్తమాల్యదలో వర్షర్తువర్ణనము లక్షణ మడిగినదే. కాని తడిసినకట్టెలు రాజుకొనక యిల్లాలు వంటకుఁ బడుపాటు ఏలక్షణమును అడుగలేదు. (బోధకులు సాధారణముగా నిచట నలంకారమును జూపి దాఁటిపోవుదురు.) కథాస్థలము పాండ్యదేశపు విల్లిపుత్తూరైనను పొగ తెలుఁగింటిదే యనుకొనుటకు బాధకము లేదు.

క్రీడాభిరామముతో వచ్చు చిక్కు వేఱు. మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటివీథులలోఁ దిరుగుచుఁ జూచిన కోడిపందెములు, పొట్టేళ్ళపోరులు, రూకకు భోజనము పెట్టు పూఁటకూటియిల్లు - ఇవి కాకతీయయుగమునకు నిదర్శనములుగాఁ గైకొనఁబడుచున్నవి. అయితే యీవీథినాటకమునకు మూలము రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము. అది నేఁడు లభింపదు. తెనిఁగించినవాఁడు వినుకొండ వల్లభరాయఁడందురు. శ్రీనాథుఁడని వేటూరి ప్రభాకరశాస్త్రిగారి మతము. ఎవరైనను 1323లో ఓరుగల్లు పడినపిదపవారే. కావునఁ బూఁటకూటిలోని వంటకములు త్రిపురాంతకుఁడు తిన్నవో, తెలుఁగుకవి తన కాలమునఁ దిన్నవో మూలము లేక తేల్పనలవికాదు. ఏయుగమునఁ జేర్పవలయునో తెలియని సాక్ష్యమునకు ఈగ్రంథమునఁ గొంత యధికవిశ్వాసము చూపఁబడినది.

హంసవింశతి జాబితాలకావ్యము. అయ్యలరాజు నారాయణామాత్యుఁడు నగలు, ఆటలు, వృత్తులు వరుసగా నేకరువు పెట్టును. ఆనగలన్నియు నొక్క యింటఁ గలవనుకొనరాదు. అవి కవి పేర్లకోశమునకు మాత్రమే సాక్ష్యములు. ఆకోశమైనను అమూల్యమైనది. ఇట్టిపదములకు శబ్దరత్నాకరాదినిఘంటువులు ‘క్రీడావిశేషము’, ‘భూషణవిశేషము’ అని యూరకొనును. ఆట యెట్లాడుదురో చెప్పని యర్థము అర్థముకాదు. ప్రతాపరెడ్డిగా రిట్టిచోట్ల నాఁగి, పదమువెనుకనున్న వస్తువును వెదకిరి. కొన్నియెడల నూహించిరి, ఊహలన్నియు నిలువవు. అయినను గ్రంథమునఁ గల మేలైన భాగమిదియే. పల్లెలో నాట నడఁగినపిమ్మటఁ బద్యమునకు టీక వ్రాయఁగలవాఁ డుండఁడు.

‘ఆంధ్రులు’ అను పేరును విచారింపఁదగినదే. 1926లో గోలకొండపత్రికను స్థాపించి, తెలంగాణమునఁ గవులు లేరన్న మాటకు బదులుగా 1934లో 354 కవులతో గోలకొండకవుల సంచికను వెలువరించిన చేతులే దీనిని వ్రాసినవి. హైదరాబాదు రాజ్యమునందును మద్రాసు రాష్ట్రమునందును విడివడియున్న తెలుఁగువారిని నిత్యజీవితముచేత నొక్కజాతిగాఁ జూపుట యిందలి సంకల్పము. ఆ సంకల్పబలమువలనఁ గొన్నిచోట్లఁ బ్రాంతభేదములు మాసినవి: రాయలసీమకవి చెప్పినది తీరమునకును జెల్లినట్లు తోఁచును.

అంతకంటెఁ బెద్దలోటు సాక్షులదే. వీరిలోఁ బలువురు రాజాశ్రితులు, చదువుకొన్న పురుషులు. నాట్లు నాటినవారును, నేసినవారును వర్ణితులేగాని వక్తలు కారు. క్రీడాభిరామమునఁ బల్నాటివీరుల కథను బాడు నొక స్త్రీ కలదు. ఆమె వేషమును, పాడుతీరును పాఠకుఁడు చూచునది పొద్దుపోక తిరుగుచున్న యాయిరువురి కన్నులతోనే.