ఆరడుగుల మగవాడు, అమ్మ ఎక్కే పీట

డిజైన్ స్టూడియోలో పిల్లలు గీసే ప్రతి ఇంట్లో కనిపించని మనిషొకడు నిలబడి ఉంటాడు. 1940లలో ల కార్బూజియే తయారుచేసిన 'మాడ్యులోర్' కొలతల మగవాడు. మొదట 1.75 మీటర్లున్న అతన్ని 1.83కి పెంచారు. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో అందగాళ్ళంతా ఆరడుగులుంటారన్నది ఆయన పుస్తకంలోనే ఉన్న కారణం! అదే కొలమానమై మన పాఠాల్లోకొచ్చింది.

నిరుడు ఒక విద్యార్థిని వాళ్ళమ్మ వంటింటిని కొలిచి, గట్టు అందక ఆవిడ ఎక్కే పీటను కూడా ప్లానులో గీసింది. "ఇది డిజైనా, ఇంటి ముచ్చటా?" అన్నారు జ్యూరీలో ఒకాయన. మార్కులు తగ్గాయి. పక్కనే కూర్చున్న నేను నోరు విప్పలేదు.

నవల్లో అందగాడి ఎత్తు శాస్త్రమైతే, అమ్మ ఎక్కే పీట ముచ్చటెలా అయింది? ఈ ఏడు మొదటి పాఠం మార్చాను: టేపు పట్టుకుని, ఇంట్లో ఆడవాళ్ళ చెయ్యి ఎంత ఎత్తుకు అందుతుందో కొలుచుకు రండి.