వినోదమునకై చదువదగిన రెండు పక్షిగ్రంథములు

పరీక్షలతో పనిలేక కేవలము సంతోషమునకై చదువు పుస్తకములలో విజ్ఞానగ్రంథములకు మన విద్యార్థులు చోటిచ్చుట అరుదు. కథలు, నవలలు వినోదమునకు, విజ్ఞానము మార్కులకు అను పంపకము బడులలోనే స్థిరపడిపోయినది. థామస్ జెర్డన్ రచించిన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా', సాలిం అలీ ఆత్మకథయైన 'ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో' అను రెండు ఆంగ్లగ్రంథములను ఒకదాని వెంట నొకటి చదివినవారికి ఈ పంపకము తప్పని తోచకమానదు. మర్రిపాడు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల పాఠకులకు మొదటి గ్రంథము మరింత రుచించును. అందులో వారి పడమటి కొండల ప్రస్తావన యున్నది.

జెర్డన్ (1811–1872) మద్రాసు సైన్యమున వైద్యుడు. 1841లో నెల్లూరునకు సివిల్ సర్జనుగా వచ్చెను. వైద్యము ఉద్యోగము, ప్రాణిశాస్త్రము వ్యసనము. పక్షులు, పాములు, చీమలు – ఆయన కన్నుపడని జీవి లేదు. నెల్లూరిలో యానాదులతో పరిచయము చేసికొని, జంతువుల పేర్లను, వాని నడవడిని వారినుండి తెలిసికొనెను. ఆ సామగ్రియంతయు 1862–64 సంవత్సరములలో కలకత్తాలో వెలువడిన ఈ గ్రంథమునకు ఉపకరించినది. ప్రతి పక్షికి శాస్త్రీయనామము క్రింద హిందీ, బెంగాలీ, తమిళముల పేర్లతోపాటు తెలుగు పేరును కూడ దొరికినంతవరకు ఇచ్చినాడు. నిఘంటువువలె కనబడు ఈ పేర్లే పుస్తకమునకు ప్రాణము. వర్ణనలో ముక్కు పొడవు, రెక్క పొడవు అంగుళములలో చదివి విసిగినవానికి, మరుపంక్తిలో తన యూరి పిట్టపేరు ఎదురైనచో ఎంత సంతోషమో చెప్పనక్కరలేదు.

అన్నింటికంటె ఆసక్తి కలిగించునది నేడు కలివికోడి యని పిలువబడు పక్షిని గూర్చిన చిన్న భాగము. రొమ్ముపై రెండు పట్టీలుండుటచే, ఆ యర్థమునిచ్చు లాటిను పేరుతో 1848లో బ్లైత్ అను శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించినాడు. జెర్డన్ చెప్పినది స్వల్పమే: నెల్లూరు వైపున తూర్పు కనుమల మీది కొండ ప్రదేశమునను, కడపయందును ఇది కలదు, రాళ్లతో మిట్టపల్లములుగానున్న పలుచని అడవి దీని తావు, చిన్న గుంపులుగా తిరుగును, అప్పుడప్పుడు దీనముగా కూయును. ఆత్మకూరు నుండి మర్రిపాడు మీదుగా బద్వేలు పోవు త్రోవ వెలికొండలను దాటును. ఆ త్రోవను ఎరిగినవారికి ఈ నాలుగు మాటలలోని నేల యెటువంటిదో బొమ్మ అక్కరలేకయే కనబడును. అయినను ఇంత పెద్ద గ్రంథమున చిత్రములు లేకుండుట కొరతయే.

అంతకంటె పెద్ద కొరత మరియొకటి కలదు. పక్షి ఎక్కడ నుండునో చెప్పినవాడు ఎప్పుడు తిరుగునో చెప్పలేదు. కలివికోడి రాత్రించరము. 1900 తరువాత ఇది ఎవరికిని కనబడకపోగా, పగటివేళ వెదకినవారు వట్టిచేతులతో మరలిరి. నశించిపోయినదని పలువురు తలచిరి. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, కడప జిల్లా సిద్ధవటము ప్రాంతమున దీనిని తిరిగి కనుగొనెను. కనుగొనెననుటకంటె, ఐతన్న అను స్థానికుడు రాత్రివేళ టార్చిలైటు వెలుతురులో పట్టి తెచ్చెననుట సరి. జెర్డన్ యానాదులను మరికొన్ని ప్రశ్నలడిగి, వారి జవాబులను వారి పేర్లతో సహా వ్రాసియున్నచో ఈ ఎనుబది ఆరేండ్ల అజ్ఞాతవాసము కొంత తగ్గెడిదేమో! గ్రంథమున వారు చెప్పిన పేర్లు మిగిలినవి గాని వారి పేర్లు మిగులలేదు. పక్షికి మాత్రము ఆంగ్లమున జెర్డన్ పేరే స్థిరపడినది.

సాలిం అలీ (1896–1987) పుస్తకము వేరు తరగతికి చెందినది. 1985లో, తొంబదియేండ్లకు చేరువలో ప్రచురించిన ఈ ఆత్మకథలో శాస్త్రపరిభాష దాదాపు లేదు. బాల్యమున ఎయిర్‌గన్నుతో కొట్టిన పిచ్చుక గొంతుమీద పసుపు మచ్చ చూచి, అదేమి జాతియో తెలియక సొసైటీ కార్యాలయమునకు పట్టుకొనిపోవుటతో ఆయన జీవితము మలుపు తిరిగినది. గణితమునకు జంకి చదువు మధ్యలో మాని బర్మాలో వ్యాపారము చేసినవాడు గొప్ప శాస్త్రజ్ఞుడగుట విద్యార్థులకు వింతగా తోచును. అయితే గణితము మానిన ప్రతివాడును అట్లగునని ఎవరును ధైర్యము తెచ్చుకొనరాదు!

పుస్తకమంతటిలో ఉత్తమభాగము గిజిగాని పరిశీలన. 1930లో ఉద్యోగము లేక సముద్రతీరమున కిహిము గ్రామములో నున్నప్పుడు, ఇంటి చెంత గూళ్లను ఓపికతో గమనించినాడు. మగపక్షి గూడు సగము అల్లును. ఆడపక్షి వచ్చి పరీక్షించి నచ్చినచో కాపురముండును. అంతట మగది మరియొక గూడు మొదలుపెట్టి మరియొక ఆడదానిని పిలుచును. తాటిచెట్లను, దిగుడుబావులను ఆశ్రయించి గిజిగాడు గూళ్లు కట్టు మన పల్లెలలో ఈ పరిశీలన చేయుటకు పరికరములు వలదు, ఒక నోటుబుక్కు చాలును. ఈ యధ్యాయము ముందు పదవతరగతి పాఠము వెలవెలబోవును.

తరువాతి యధ్యాయములు ఇంతటి బిగువుతో నడువవు. సంస్థానాధీశుల ఆతిథ్యము, యాత్రలలోని తోడివారి జాబితాలు, అందిన గౌరవములు పాఠకుని పుటలు త్రిప్పించును. కలివికోడి తిరిగి కనబడిన వార్త ఇందులో లేదు. పుస్తకము వెలువడిన మరుసంవత్సరము గాని అది జరుగలేదు.

విద్యార్థులు ముందుగా సాలిం అలీని చదివి, పిదప జెర్డన్‌ను పట్టుట మేలు. జెర్డన్ గ్రంథము నేడు ఇంటర్నెట్టులో ఉచితముగా లభించుచున్నది. అందలి తెలుగు పేర్లు రోమను లిపిలోనుండుటచే కొన్ని గుర్తుపట్టరానివైనవి. కలివికోడికి ఆయన వ్రాసికొన్న తెలుగు పేరు మరియొకటి. అందు 'అడవి' అను మొదటి మాట తేటగా తెలియుచున్నది, తక్కిన భాగము 'ఉత తిత్తి' యో, 'ఉత్త తిత్తి' యో, మరేమో! మర్రిపాడు చుట్టుపట్ల ముసలివారి నడిగి ఆ మాటను సరిచేయు ఉపాధ్యాయుడు దొరికినచో, నూట అరువదియేండ్ల నాటి పుస్తకమున ఒక పంక్తి సవరింపబడును.