కాలు విరిగితే హిట్టు

బ్రాడ్‌వేలో తొలి ఆట రోజు నటుడికి ‘గుడ్ లక్’ చెప్పకూడదు. ‘బ్రేక్ ఎ లెగ్’ అనాలి, అంటే కాలు విరగ్గొట్టుకో అని. మెల్ బ్రూక్స్ ‘ద ప్రొడ్యూసర్స్’ మ్యూజికల్ (2001)లో లియో బ్లూమ్‌కి ఈ సంగతి తెలీదు. పాపం, అకౌంటెంటు. తెర లేచే ముందు మర్యాదగా గుడ్ లక్ చెప్తాడు. చుట్టూ ఉన్న నాటకాలవాళ్ళు హడలిపోయి, ఒక పాట పొడుగునా అతనికి క్లాసు పీకుతారు. తర్వాత హిట్లర్ వేషం వెయ్యాల్సిన ఫ్రాంజ్ లీబ్‌కిండ్, స్టేజీ మీదకి పరిగెత్తే తొందరలో మెట్ల మీంచి పడి నిజంగానే కాలు విరగ్గొట్టుకుంటాడు.

చవకబారు జోకే. కానీ మొత్తం నాటకంలో నాకు అన్నిటికంటే తెలివిగా కనిపించేది ఇదే.

ఇలా తిరగేసి దీవించడం మనకీ తెలుసు. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో తర్వాతి బిడ్డకి పెంటయ్య అని పేరు పెట్టేవాళ్ళు, ఆ పేరు విని మృత్యువు పక్కకి తప్పుకుంటుందని. ‘పోతున్నా’ అనకుండా ‘వెళ్ళొస్తా’ అంటాం. మాటలు వినే శక్తి ఏదో ఉంది, దానికి మాటే తెలుసు, మనసు తెలీదు అని ఈ నమ్మకం. పెంటయ్యా అని పిలిచే తల్లి గొంతులో ఏముందో పిల్లాడికి తెలుస్తుంది, యముడికి తెలీదు. బ్రూక్స్ చేసిన కొంటెపని, ఆ విధికి చెవులు మరీ బాగా పనిచేసేలా చెయ్యడం. కాలు అన్నారు, కాలే తీసుకుంది.

అక్కడితో ఆగితే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు. మాక్స్, లియో కోరుకునేది ఫ్లాపు. నూరు శాతానికి మించి వాటాలు అమ్మేశారు. నాటకం పోతేనే ఎవరూ లెక్కలు అడగరు. అంటే ఆ రాత్రి వాళ్ళకి దురదృష్టమే అదృష్టం, లియో నోరు జారడం వాళ్ళకి లాభమే కావాలి. కానీ ఫ్రాంజ్ పడ్డాక ఆ వేషం డైరెక్టర్ రోజర్ డి బ్రీ వేస్తాడు. అతని వయ్యారాల హిట్లర్‌ని జనం వ్యంగ్యం అనుకుని పడీ పడీ నవ్వుతారు. నాటకం సూపర్ హిట్టు, ప్రొడ్యూసర్లు మునిగిపోయారు. ‘బ్రేక్ ఎ లెగ్’కి పైన ఉన్న అర్థం ఫలించింది, లోపల దాచిన అర్థమూ ఫలించింది. దీవెన ఇంత పూర్తిగా పనిచేసి కొంపముంచిన సందర్భం నాకింకోటి గుర్తు రావట్లేదు.

ఈ మాట పుట్టుకకి లింకన్‌ని చంపిన బూత్ కథ చెప్తుంటారు. 1865లో బాక్సులోంచి స్టేజీ మీదకి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు కాబట్టి అని. నాకది అతకదు. నాటకరంగంలో ఈ మాట వినిపించడం మొదలైంది ఇరవయ్యో శతాబ్దంలోనే. హంతకుడి పేరు మీద శుభాకాంక్ష ఏంటి అసలు? ఇంకో ఊహ ఉంది, దానికీ గట్టి రుజువు లేదు: యిడ్డిష్‌లో ‘హత్స్‌లోఖె ఉన్ బ్రోఖె’ అంటే జయం, దీవెన. దాన్ని జర్మన్లు తమ భాషలో ‘హాల్స్ ఉంట్ బైన్‌బ్రుఖ్’గా విన్నారని, అంటే మెడ, కాలు విరగాలని. అదే ఇంగ్లీషులోకి వచ్చిందంటారు. ఇది నిజమైతే, యూదు రచయిత రాసిన నాటకంలో ఒక నాజీని మెట్ల మీంచి తోసింది ఒక యూదు దీవెన. బ్రూక్స్ ఇంత ఆలోచించి రాశాడని నేననను. అయినా ఫ్రాంజ్ పడ్డప్పుడల్లా నాకదే గుర్తొస్తుంది.

ఒక్క ఫిర్యాదు. చివర్లో పోలీసుల నుంచి పారిపోబోయి ఫ్రాంజ్ రెండో కాలు కూడా విరగ్గొట్టుకుంటాడు. హాల్లో నవ్వులు వస్తాయి, సరే. కానీ ఈసారి అతన్ని ఎవరూ దీవించలేదు. ఉత్త కాలే విరిగింది.