గడువు తీరిన సాఫ్ట్‌వేర్

2017 మేలో వాన్నాక్రై ర్యాన్సమ్‌వేర్ దేశదేశాల కంప్యూటర్లకు తాళం వేసింది. శ్రీకాకుళం సహా మన రాష్ట్రంలోని కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. విరుగుడు ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. 2014లోనే గడువు తీరిన విండోస్ ఎక్స్‌పీకి మాత్రం డబ్బు కట్టే సంస్థలకే ఇచ్చింది. దాడి జరిగాక గానీ అందరికీ అందలేదు.

లినక్స్‌కు మారితే ఈ బెడద ఉండదనుకుంటారు చాలామంది. ఉంటుంది. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటులో, ఎల్‌టీఎస్ అనే దీర్ఘకాల వెర్షన్లకు ఉచిత భద్రతా అప్‌డేట్లు అయిదేళ్లే. 18.04కి 2023 మేలో, 20.04కి 2025 మేలో ఆ గడువు ముగిసింది. ఆపైన మరో అయిదేళ్లు కావాలంటే ఉబుంటు ప్రో చందా ఉండాలి.

గడువున్న 22.04లోనూ టెర్మినల్‌లో ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ కొట్టి చూడండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీలు, ఇమేజ్‌మ్యాజిక్ వంటి పేర్లు వరసగా పడి, వీటి భద్రతా అప్‌డేట్లకు ప్రో కావాలని చెబుతుంది. ‘మెయిన్’ విభాగంలోని ప్యాకేజీలను ఉబుంటు తయారీదారు కెనానికల్ ఉచితంగా చూసుకుంటుంది. ‘యూనివర్స్’లోని వేలాది ప్యాకేజీలకు ఆ హామీ ప్రోతోనే వస్తుంది.

“ఉచితమనే కదండీ సార్ మారాం, మళ్లీ డబ్బులేంటి?” అని విజయనగరంలో ఒక ల్యాబ్ కుర్రాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ నా మట్టుకు ఈ చందా తప్పు కాదు. కొత్త వెర్షన్‌లో దిద్దిన లోపాన్ని పదేళ్ల నాటి కోడ్‌లో వెతికి, వెర్షన్ మార్చకుండా, దాని మీద ఆధారపడ్డ మరే ప్రోగ్రామూ చెడకుండా సరిచేయాలి. దాన్ని బ్యాక్‌పోర్టింగ్ అంటారు. కొత్తది రాయడం కంటే ఓపిక కావాలి, పేరు మాత్రం రాదు. ఏళ్ల తరబడి అది చేసేవాళ్లకు జీతం ఎవరో ఒకరు ఇవ్వాలి కదా! మరో లినక్స్ రకమైన డెబియన్‌లోనూ అయిదేళ్లు దాటాక ఫ్రెగ్జియన్ అనే సంస్థ డబ్బు తీసుకునే ఆ పని చేస్తోంది.

అలాగని అందరూ కొనక్కర్లేదు. సొంత వాడకానికి అయిదు కంప్యూటర్ల వరకు ప్రో ఉచితం. ఖాతా తెరిచి, టోకెన్ తీసుకుని ‘సుడో ప్రో అటాచ్’ కొడితే చాలు. మన చిన్న ఊళ్లలో సొంతంగా ఒకటి రెండు సిస్టమ్‌లు నడుపుకునేవాళ్లకు ఈ సంగతి తెలియకపోవడమే నాకు బాధ. కాలేజీ ల్యాబుల్లో డబ్బు పోయడం కంటే కొత్త ఎల్‌టీఎస్‌కు మారడమే మేలు, అదెప్పుడూ ఉచితమే. మార్కులు, ఫీజులు ఉండే సర్వర్‌ను వెంటనే మార్చలేకపోతే మాత్రం చందా కట్టాల్సిందే. ఆ ఖర్చును యూపీఎస్ బ్యాటరీల పక్కనే బడ్జెట్‌లో రాయండి.

22.04కి ఉచిత గడువు 2027లో తీరిపోతుంది. మీ సర్వర్‌లో ఏ వెర్షన్ నడుస్తోందో ఈ వారమే చూసుకోండి.