ఆ 'మగర్' తర్వాత మాట

అమెరికాలోని సియాటిల్ నగర కౌన్సిల్ 2023 ఫిబ్రవరి 21న తన వివక్ష వ్యతిరేక చట్టంలో ఒక్క మాట చేర్చింది. ఆ మాట 'కులం'. ఉద్యోగంలోనూ, అద్దె ఇంటి దగ్గరా, హోటల్లోనూ కులం చూసి తేడా చూపిస్తే ఇక అక్కడ చట్టవిరుద్ధం. అమెరికాలో ఈ పని చేసిన మొదటి నగరం అదే. ప్రతిపాదించింది క్షమా సావంత్. ఓట్లు 6–1. మన తెలుగు ఇంజనీర్లు ఎందరో బతుకుతున్న ఊరది.

అంబేద్కరిస్టులు సంతోషించారు. కొన్ని హిందూ సంఘాలు మండిపడ్డాయి. జాతి, మతం, పూర్వీకులు అన్న మాటలు చట్టంలో ముందే ఉన్నాయి, ఇదెందుకన్నాయి. కులమంటే వేళ్లన్నీ హిందువులవైపే లేస్తాయన్నాయి. ఆ ఏడాదే కాలిఫోర్నియాలో ఆయిషా వహాబ్ అనే ముస్లిం సెనేటర్ తెచ్చిన బిల్లు ఉభయసభలూ దాటింది. అక్టోబరు 7న గవర్నర్ న్యూసమ్ తిప్పికొట్టాడు. ఆయన చెప్పిన కారణమూ అదే: ముందే ఉంది, అవసరం లేదు.

'ముందే ఉంది' అన్న మాట మనకు కొత్తా? మతం పేరుతో వివక్ష కూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో ఉంది. టూలెట్ బోర్డు చూసి నేను వెళతాను. నా తెలుగు విని మురిసిపోయిన ఇంటాయన పేరు చెప్పగానే "నిన్ననే ఇచ్చేశామండీ" అంటాడు. బోర్డు నెలరోజులు వేలాడుతూనే ఉంటుంది. ఆ అధికరణం ప్రభుత్వాన్ని కట్టేస్తుంది గానీ ఇంటాయన గేటు దాకా రాదు. పేరు పెట్టని గాయానికి ఫిర్యాదు కాగితం కూడా దొరకదు.

రెండో వాదనకు జవాబు మన ఇళ్లలోనే ఉంది. మా ఖాలా కూతురికి ఓ మంచి సంబంధం వచ్చింది. అబ్బాయిది లద్దాఫ్ కుటుంబమని తెలిసింది. "లోగాఁ అచ్చే హైఁ, మగర్..." అని పెద్దలు ఆగిపోయారు. ఆ 'మగర్' తర్వాత మాట ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు. దూదేకులవాళ్లు ప్రభుత్వ జాబితాలో బీసీ-బీ. 2007లో ఆంధ్రప్రదేశ్ చట్టం వెనుకబడిన ముస్లింలకు బీసీ-ఈ కింద 4 శాతం ఇస్తూ సయ్యద్, మొఘల్, పఠాన్లను బయట పెట్టింది. సర్కారు కాగితానికి కనిపించిన మన మెట్లు, జుమా నమాజులో ఒకే సఫ్‌లో నిలబడే మనకు కనిపించవా?

సియాటిల్ చట్టానికీ లోటుంది. ఫిర్యాదు చేయాల్సినవాడి వీసా కంపెనీ చేతిలో ఉంటే ఎంతమందికి నోరు లేస్తుంది? అయినా ఆ చట్టం పేరు పెట్టింది. ఇంటి యజమానిని పేరు పెట్టి అడిగే చట్టం మనక్కావాలి. అది అడిగే ముందు, మన దివాన్‌ఖానాలో ఆగిపోయిన ఆ వాక్యాన్ని మనమే పూర్తి చేయాలి.