పోటు తగ్గాక మళ్లీ తీసుకురండి

చెవిపోటుతో ఏడుస్తూ వచ్చిన బిడ్డకు మందు రాయడం కష్టమేమీ కాదు. పోటు తగ్గాక అదే బిడ్డను మళ్లీ రప్పించుకోవడమే కష్టం. చెవి ముక్కు గొంతు డాక్టరుగా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే.

జలుబు చేసిన కొద్ది రోజులకు, సాధారణంగా రాత్రిపూట చెవిపోటు మొదలవుతుంది. ముక్కు వెనక నుంచి మధ్యచెవికి గాలి అందించే గొట్టం పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. క్రిములు సులువుగా పాకుతాయి, గొట్టం వాచి మూసుకుపోతుంది, కర్ణభేరి వెనక చీము పడుతుంది. పడుకోబెడితే పోటు ఎక్కువవుతుంది. ఏ తెల్లవారుజామునో కర్ణభేరి చిట్లి దిండు మీద చీము మరక కనబడుతుంది, బిడ్డ హాయిగా నిద్రపోతుంది. చీమంతా పోయింది, ఇక తగ్గినట్టేనని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. చాలామందికి నిజంగానే తగ్గి, వారం రెండు వారాల్లో చిల్లు పూడుకుంటుంది. మిగిలిన పిల్లల గురించే నా బెంగ.

రెండేళ్లు దాటి, ఒక చెవికే పోటు ఉండి, జ్వరం కొద్దిగానే ఉన్న బిడ్డకు మొదటిరోజే యాంటీబయోటిక్ రాయను. బరువును బట్టి పారాసెటమాల్ ఇచ్చి 48 నుంచి 72 గంటలు కనిపెట్టుకుని ఉండమంటాను. తగ్గకపోతే వెంటనే తీసుకురాగలిగిన వాళ్లకే ఈ మాట చెబుతాను. ఆరు నెలల లోపు పసికందయినా, రెండేళ్ల లోపు బిడ్డకు రెండు చెవులూ పట్టేసినా, చీము కారుతున్నా ఆగను. అమాక్సిసిలిన్ కిలో బరువుకు రోజుకు 80 నుంచి 90 మిల్లీగ్రాములు, రాసినన్ని రోజులూ వేయాలి. మూడో రోజు ఆపేసి, మిగిలిన సీసా తమ్ముడి జ్వరానికి దాచేవాళ్లున్నారు. సగం మందుకు పైకి నొప్పి అణుగుతుంది, చెవి వెనక ఎముకలో రోగం మాత్రం పెరుగుతూ ఉండొచ్చు.

రెండు వారాలు దాటినా కారుతున్న చెవి సంగతి వేరు. ఇక్కడ సీసాల మందుకన్నా చెవిని ఆరబెట్టడం ముఖ్యం. తల్లిని కూర్చోబెట్టి, పలచని శుభ్రమైన గుడ్డను దీపం వత్తిలా మెలిపెట్టి చెవిలో ఉంచడం, తడిశాక తీసి కొత్తది పెట్టడం, వత్తి పొడిగా వచ్చేదాకా చేయడం నేర్పిస్తాను. ఆ తర్వాతే సిప్రోఫ్లోక్సాసిన్ చుక్కలు. చీము నిండిన చెవిలో వేసిన చుక్క లోపలికి చేరదు. వెల్లుల్లి వేసి కాచిన నూనె, ఆకు పసరు వద్దని ఎన్నిసార్లయినా చెబుతాను, పెద్దవాళ్ల మీద కోపం తెచ్చుకోకుండా. వాళ్లు బిడ్డ మీద ప్రేమతోనే పోస్తారు.

చెవి వెనక ఎర్రగా వాచి, చెవి డొప్ప ముందుకు తోసుకొస్తే ఆ రోజే ఆసుపత్రిలో చేర్చాలి. నరంలోకి యాంటీబయోటిక్, సీటీ స్కాన్, లొంగకపోతే ఆపరేషన్. మధ్యచెవి పైకప్పు పలచని ఎముక, దానిమీదే మెదడు. ముఖాన్ని కదిలించే నరమూ మధ్యచెవిలోంచే పోతుంది. మూతి పక్కకు లాగినా, వాంతులతో మగతగా ఉన్నా, మెడ బిగుసుకున్నా తెల్లారేదాకా చూద్దామనుకోకండి. కొద్దికొద్దిగా కారుతూ కుళ్లు వాసన వేసే చెవినీ తేలిగ్గా తీసుకోలేం. లోపల చర్మం సంచిలా పెరిగి ఎముకను తినేస్తుంటుంది. దానికి చుక్కలు చాలవు, ఆపరేషనే మార్గం. తర్వాత కూడా ఏళ్ల తరబడి చూస్తూండాలి.

ఏ నొప్పీ లేకుండా కర్ణభేరి వెనక నీరు నిలిచిపోయే పిల్లలూ ఉన్నారు. పిలిస్తే పలకరు, టీవీ సౌండు పెంచుతారు, బడిలో పరధ్యానమని తిట్లు తింటారు. ఈ నీరు చాలామందిలో మూడు నెలల్లో దానంతటదే ఇంకిపోతుంది. జలుబు సిరప్పులతో ఒరిగేదేమీ లేదు. మూడు నెలలైనా రెండు చెవుల్లో నీరుండి వినికిడి తగ్గితే కర్ణభేరికి గ్రోమెట్ అనే చిన్న గొట్టం పెడతాం. అమెరికాలో ఆర్మ్‌స్ట్రాంగ్ అనే డాక్టరు 1954లో ఈ పద్ధతిని మళ్లీ వాడుకలోకి తెచ్చారు. ఏడాది అటూఇటూగా గ్రోమెట్ దానంతటదే రాలిపోతుంది. రాలాక ఒకసారి బిడ్డను తీసుకురమ్మంటాను. నీరు మళ్లీ చేరిందేమో చూడాలి, వినికిడి పరీక్ష మళ్లీ చేయాలి.